మూడు సిలిండర్ల గొంతు: పటమట నుంచి కొండపల్లి ఘాట్ దాకా తమ్ముడి ఐ20 ఎన్ లైన్‌లో

నమస్తే అండీ. టైము ఉదయం అయిదున్నర. విజయవాడ పటమటలో మా ఇంటి ముందున్నాను. అమ్మ కళ్ళాపి చల్లి ముగ్గు పెడుతోంది, ఆ ముగ్గు తొక్కకుండా కారు బయటికి తియ్యాలి. జర్మనీలో కొలోన్ నుంచి వచ్చి పది రోజులైంది. చుట్టాలిళ్ళ భోజనాలు ఒక విడత అయిపోయాయి. ఇవాళ మాత్రం నాకోసం దాచుకున్న రోజు. మా పిన్ని కొడుకు కొన్న హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ నేను నడుపుతున్నాను. తమ్ముడు పక్క సీట్లో, నాన్న వెనక. బెంజ్ సర్కిల్, బందరు రోడ్డు, కనకదుర్గ ఫ్లైఓవర్, భవానీపురం, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, అక్కణ్ణుంచి కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు. ఇదీ దారి.

స్టార్ట్ బటన్ నొక్కాను. ఇంజిన్ పలికి రెండు సెకన్లైనా కాలేదు, వెనక నుంచి నాన్న అడిగారు:

"అమ్మాయ్, ఇది మూడు సిలిండర్లేనా?"

తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు. "అవును పెదనాన్నా, ఎలా చెప్పారు?"

"మన 800 కీ మూడేగా. ఇదే గొంతు."

మైకులో మీకు ఎంత వినిపిస్తుందో తెలీదు గానీ, ఆగి ఉన్నప్పుడు ఒక చిన్న గురగుర ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, ప్రతి 180 డిగ్రీలకీ ఒకసారి మంట అందుకుంటుంది. మూడింట్లో 240 డిగ్రీలకి ఒకసారి. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆ ఎడం వల్లే ఆ గొంతు కాస్త బొంగురుగా, దరువేసినట్టు ఉంటుంది. నాన్న పద్దెనిమిదేళ్ళు మారుతి 800 నడిపారు. 796 సీసీ, నాలుగు గేర్లు, కార్బ్యురేటర్ బండి. ఆ చెవికి ఇది పాత చుట్టం పిలుపులా వినిపించింది.

ఇంకో సంగతి. కొలోన్‌లో నేను నడిపే ఫోర్డ్ ఫియస్టా ఎస్‌టీకి కూడా మూడే సిలిండర్లు. అది 1.5 లీటర్ల టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టేది), 200 పీఎస్ (అంటే గుర్రాలు), 290 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే తిప్పే బలం). తమ్ముడిది 998 సీసీ టర్బో, 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు. నాన్న 800కి నలభై గుర్రాలు కూడా లేవు. ఒకే ఇంట్లో మూడు కార్లు, మూడింటికీ మూడేసి సిలిండర్లు. పదేళ్ళ నుంచి కార్ల గురించి చదువుతున్నదాన్ని, నాన్న అడిగేదాకా ఇది నాకు తట్టలేదు.

బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కిందికి వచ్చాం. ఈ టైములో ఖాళీగానే ఉంది, పాల వ్యాన్లు, పూల ఆటోలు, అంతే. ఇక్కడ ఎడం చేత్తో గేరు వెయ్యడం రెండు రోజుల్లోనే మళ్ళీ అలవాటైపోయింది. తమ్ముడు తీసుకున్నది ఎన్8 అనే రకం, మాన్యువల్, ఆరు గేర్లు. 2021 సెప్టెంబర్‌లో ఈ ఎన్ లైన్ మొదట వచ్చినప్పుడు క్లచ్ పెడల్ లేని ఐఎంటీ, లేకపోతే ఏడు గేర్ల డీసీటీ అనే ఆటోమేటిక్ ఉండేవి. 2023లో మార్చినప్పుడు ఐఎంటీ తీసేసి మామూలు మాన్యువల్ పెట్టారు. నా దృష్టిలో ఈ కారుకి జరిగిన అతి మంచి పని అదే. క్లచ్ తేలిక. గేరు లివర్ ఫియస్టాలో లాగా టక్కున పడదు, మెత్తగా జారుతుంది, కానీ తప్పు గేరులోకి మాత్రం పోదు.

ఇప్పుడు సంఖ్యల గురించి ఒక మాట. కారు కొనేటప్పుడు అందరూ గుర్రాలు లెక్కపెడతారు. ఈ కారులో 120 పీఎస్ దొరికేది 6000 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజిన్ నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగినప్పుడు. బందరు రోడ్డు మీద 6000 దాకా ఎవరు తిప్పుతారు చెప్పండి? రోజూ చేతికందేది టార్క్. 172 న్యూటన్ మీటర్లు 1500 నుంచి 4000 దాకా ఒకే మట్టంలో ఉంటాయి, కాబట్టి రెండో గేరులో స్పీడ్ బ్రేకర్ దిగి కాలు ఆనించగానే కారు నెట్టినట్టు ముందుకెళుతుంది. 1500 కింద మాత్రం టర్బో ఇంకా ఊపందుకోదు. మూడో గేరులో ఇరవై స్పీడులో తొక్కితే ఒక క్షణం కదలదు. పాత టర్బో కార్లు నడిపినవాళ్ళకి ఇది తెలుసు. గేరు తగ్గించాలి, అంతే. తమ్ముడికి అదే చెప్పాను: "ఒరేయ్, సిటీలో మూడోది మర్చిపో, రెండోదాన్ని నమ్ముకో."

కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతున్నాం. కుడిపక్క ఇంద్రకీలాద్రి, ఎడంపక్క కృష్ణమ్మ, వెనక్కి ప్రకాశం బ్యారేజీ. 2020 అక్టోబర్‌లో ఇది తెరిచినప్పుడు నేను కొలోన్‌లో ఫోన్‌లో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. కొండ కింద ఆ ఇరుకు రోడ్డులో లారీల వెనక గంటలు గంటలు నిలబడిన వాళ్ళకి అర్థమవుతుంది. ఇక్కడ కారుని ఏమీ చెయ్యను. అద్దం దించి నది గాలి తగలనిస్తాను.

ఈ 'ఎన్' అక్షరం గురించి చెప్పాలి, ఎందుకంటే దానికీ మా ఊరికీ సంబంధం ఉంది. మా ఊరంటే ఇప్పుడు నేనుండే ఊరు. ఎన్ అంటే రెండు చోట్లు. ఒకటి కొరియాలో హ్యుందాయ్ పరిశోధన కేంద్రం ఉన్న నామ్యాంగ్. రెండోది జర్మనీలో ఐఫెల్ కొండల్లో ఉన్న నూర్బర్గ్‌రింగ్. 1927లో తెరిచారు. అందులో నార్డ్‌ష్లైఫె అనే పాత దారి 20.8 కిలోమీటర్లు. కొలోన్ నుంచి గంట ప్రయాణం. రేసులు లేని రోజుల్లో డబ్బు కట్టి మామూలు జనం కూడా రౌండు కొట్టొచ్చు. నేను రెండుసార్లు వెళ్ళాను. అదొక టోల్ రోడ్డు కిందే లెక్క, కుడిపక్క నుంచి ఓవర్‌టేక్ చెయ్యకూడదు. వెనక నుంచి వేగంగా వచ్చేవాడికి పక్కకి జరిగి దారివ్వడమే అక్కడ నేర్చుకునే మొదటి పాఠం.

అయితే ఎన్ వేరు, ఎన్ లైన్ వేరు. ఇది దాచకుండా చెప్పాలి. యూరప్‌లో ఐ20 ఎన్ అని ఒక కారుండేది: 1.6 టర్బో, 204 పీఎస్, 275 న్యూటన్ మీటర్లు. అది అసలు సిసలు హాట్ హ్యాచ్, అంటే చిన్న ఒంట్లో పెద్ద బలమున్న కారు. 2024లో అక్కడ ఆపేశారు. శ్రీపెరంబుదూరులో తయారై మన దగ్గరికి వచ్చే ఎన్ లైన్ మామూలు ఐ20కి కసరత్తు చేయించినట్టు ఉంటుంది. సస్పెన్షన్ బిగించారు, స్టీరింగ్‌కి బరువు కలిపారు, ఎగ్జాస్ట్ శబ్దం సవరించారు, వెనక చక్రాలకీ డిస్క్ బ్రేకులు పెట్టారు. 16 అంగుళాల చక్రాలు, 195 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు.

ఇంజిన్ ఎందుకింత చిన్నది అంటే, పన్ను. 2006 బడ్జెట్ నుంచి మన దేశంలో నాలుగు మీటర్ల లోపు చిన్న కారుకి పన్ను తక్కువ. పెట్రోల్ అయితే 1200 సీసీ దాటకూడదు. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మార్చాక కూడా ఆ గీత అక్కడే ఉంది: లోపలుంటే 18 శాతం, దాటితే 40. అందుకే యూరప్‌లో నాలుగు మీటర్లు దాటే ఐ20 ఇక్కడ 3995 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఇంజనీరు ఎంత మంచివాడైనా, ఆ గీత లోపలే కూర్చుని ఆలోచించాలి.

మా మావయ్య తమ్ముణ్ణి ఇప్పటికీ తిడుతూనే ఉన్నాడు. "ఆ డబ్బుకి ఇంకొంచెం వేస్తే క్రెటా వచ్చేది కదరా, ఎత్తుగా దర్జాగా ఉండేది." ఆయన మాటలో అబద్ధం లేదు. కానీ ఫియస్టాని కొలోన్‌లో 1979 నుంచి చేశారు, 2023 జూలైలో ఆపేశారు. ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలు చేస్తున్నారు. ఇక్కడ ఫోక్స్‌వ్యాగన్ పోలో 2022లో పోయింది. కిందకి కూర్చుని, తేలిగ్గా, చేతిమాట వినే చిన్న కార్లు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. అందుకే పాతికేళ్ళ కుర్రాడు పట్టుబట్టి ఇలాంటిది కొన్నందుకు నాకు మనస్ఫూర్తిగా సంతోషంగా ఉంది.

గొల్లపూడి దాటాం. సెంటర్లో ఆగి టీ తాగాం. డిక్కీ 311 లీటర్లు, అందులో పిన్ని పంపిన ఆవకాయ జాడీలూ పాతిక కేజీల బియ్యం మూటా నిన్నటి నుంచి అలాగే ఉన్నాయి. సన్‌రూఫ్, బోస్ స్పీకర్లు, ఎర్ర దారం కుట్టిన సీట్లు కూడా ఉన్నాయి, కావలసినవాళ్ళు షోరూములో చూసుకోండి.

ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ బూడిద ట్యాంకర్లు మొదలయ్యాయి. ఇక్కడ రోడ్డు మీద అతుకులు, చిన్న గుంటలు. బిగించిన సస్పెన్షన్ సంగతి ఇక్కడ బయటపడుతుంది. నలభై లోపు ప్రతి అతుకూ వీపుకి తెలుస్తుంది. నాన్న వెనక సీట్లో పైన హ్యాండిల్ పట్టుకున్నారు. అరవై దాటాక కారు రోడ్డుకి అతుక్కుని కుదురుగా పోతుంది. పెద్దవాళ్ళని రోజూ వెనక కూర్చోబెట్టుకుని తిప్పేవాళ్ళు కొనేముందు వాళ్ళని ఒకసారి వెనక కూర్చోబెట్టి తిప్పండి. ఫియస్టా ఇంతకన్నా గట్టిది, కానీ కొలోన్ రోడ్ల మీద అది అంతగా తెలీదు.

కొండపల్లి ఊళ్ళోంచి ఖిల్లా ఘాట్ మొదలైంది. రెండు పక్కలా అడవి. బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్లు ఈ కొండల్లోవే. ఇరుకు దారి, గుడ్డి మలుపులు, ప్రతి మలుపులో హారన్ కొడుతున్నాను. ముప్పై, నలభై మించి పోవడం లేదు.

ఆ ముప్పైలోనే కారు అసలు స్వభావం కనిపించింది. మలుపు ముందు బ్రేకు, రెండో గేరు, స్టీరింగ్ తిప్పగానే ముక్కు ఆలోచించకుండా లోపలికి వస్తుంది. ఒళ్ళు పక్కకి వాలదు. మలుపు సగంలో కాలు ఆనిస్తే ఆ బొంగురు గొంతు లేచి, టర్బో అందుకుని, ఎత్తు మీదకి లాగేస్తుంది. ఫియస్టాలో స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి రెండు చుట్లే. ముందు టైర్ల కింద ఏముందో వేళ్ళకి చెబుతుంది, గట్టిగా తిప్పితే వెనక లోపలి చక్రం గాల్లోకి కూడా లేస్తుంది. ఎన్ లైన్ అంత చెప్పదు. స్టీరింగ్‌లో బరువుంది గానీ కబురు తక్కువ. కానీ 200 పీఎస్ కారుతో ఈ ఘాట్‌లో నేను సగం శక్తి కూడా వాడలేను. ఈ కారుతో ఉన్నదంతా వాడుకుంటున్నాను. మూడు వంతుల తొక్కుడు తొక్కినా ఎవరికీ ఇబ్బంది లేని వేగంలోనే ఉన్నాను. స్పోర్టీ అనే మాటకి నాకు తెలిసిన అర్థం ఇదే.

పైన కోట గోడ దగ్గర దిగాం. కింద థర్మల్ చిమ్నీలు పొగమంచులో ఉన్నాయి. నాన్న బానెట్ మీద చెయ్యి పెట్టి చూశారు, వేడి ఎంతుందో అని. 800 రోజుల్లో ఎండాకాలం ఎప్పుడు ఆపినా అదే చేసేవారు.

"800 బరువెంతుండేది నాన్నా?"

"ఆరొందల యాభై కేజీలు. మన కాలవ గట్టు మీద నువ్వు నేర్చుకునేటప్పుడు, యాభైలో పోతుంటే ఎనభైలో ఉన్నామని ఏడ్చావు."

నిజమే, బందరు కాలువ గట్టు మీద ఆ యాభై నాకింకా గుర్తుంది. చిన్న టైర్లు, పల్చటి తలుపులు, నేల ఇంత దగ్గరగా.

తాళం నాన్న చేతిలో పెట్టాను. అరవై ఆరేళ్ళు, లైసెన్సు రెన్యువల్ అయింది, చూపు బాగుంది. తమ్ముడు ఒక్క క్షణం నా మొహం చూశాడు, తర్వాత నోరెత్తకుండా వెనక్కెళ్ళి కూర్చున్నాడు.

దిగేటప్పుడు నాన్న బ్రేకు మీద కాలు దాదాపు పెట్టనేలేదు. రెండో గేరులో వదిలేసి ఇంజిన్ మీదే దింపారు. రేడియో ఆపమన్నారు. గొంతు పైకి లేస్తే కాస్త బ్రేకు, దిగితే వదలడం. ఆర్‌పీఎం చూపే టాకోమీటర్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎదురుగా ఒక బైకు పైకి వస్తుంటే పూర్తిగా పక్కకి ఆపి దారిచ్చారు. ఎక్కేవాడికే ముందు దారి, ఘాట్‌లో పద్ధతి అది.

కింద ఊరి మొదట్లోకి వచ్చేసరికి అమ్మ ఫోను. పెసరట్టు పిండి రుబ్బేశానని, ఎక్కడున్నారని.

"చెప్పు, ఇంకో అరగంట పడుతుందని," అన్నారు నాన్న. ఇండికేటర్ వేసి, అద్దంలో చూసుకుని, కారుని మళ్ళీ కొండ వైపు తిప్పారు.