తేడా తగ్గితే సిమెంటు తగ్గుతుంది

[తెర మీద: పక్కపక్కనే రెండు కాంక్రీటు కర్మాగారాలు. రెండింటి నుంచీ లారీలు బయలుదేరుతున్నాయి. ప్రతి లారీ మీదా ఒకే సంఖ్య: 30.]

ఈ రెండు కర్మాగారాలూ ఒకే రకం కాంక్రీటు అమ్ముతాయి. బలం గురించి ఇచ్చే హామీ ఒక్కటే. కంకర, ఇసుక వచ్చే చోటు కూడా ఒక్కటే. అయినా ఎడమవైపు కర్మాగారం ప్రతి ఘనపు మీటరులోనూ రెండోదానికంటే ఎక్కువ సిమెంటు వేస్తుంది. సిమెంటు ఖరీదని దానికి తెలియక కాదు, తగ్గించే ధైర్యం లేక. ఆ ధైర్యం కుడివైపు కర్మాగారానికి ఎక్కడి నుంచి వచ్చిందో ఈ వీడియోలో చూద్దాం. పర్యావరణ హితమైన పదార్థాల మీద జరిగే పరిశోధనలో సగం ఆ ధైర్యం సంపాదించడానికేనని నా అభిప్రాయం.

[తెర మీద: తిరుగుతున్న సిమెంటు బట్టీ. లోపల ఎర్రగా కాలుతున్న రాయి.]

ముందు సిమెంటు ఎందుకు సమస్య అయిందో చూద్దాం. సున్నపురాయినీ బంకమట్టినీ కలిపి దాదాపు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే క్లింకర్ అనే గట్టి ఉండలు వస్తాయి. కొద్దిగా జిప్సం కలిపి వాటిని పొడి చేస్తే సిమెంటు. బట్టీలో మండే ఇంధనం వల్లే కాలుష్యమని చాలామంది అనుకుంటారు. అసలు కర్బనం రాయిలోనే ఉంది. 100 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్‌ను కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, తక్కిన 44 కిలోలూ కార్బన్ డయాక్సైడ్ అయి గాలిలో కలుస్తాయి. బట్టీని సౌరవిద్యుత్తుతో వేడి చేసినా ఆ 44 కిలోలు తగ్గవు. ప్రపంచంలో ఏటా సుమారు 400 కోట్ల టన్నుల సిమెంటు తయారవుతోంది. మనుషుల పనుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం దాకా దీనిదే. కాబట్టి క్లింకర్ వాడకం ఎంత తగ్గితే అంత మేలు.

ఇప్పుడు మళ్లీ కర్మాగారాల దగ్గరికి వద్దాం.

[తెర మీద: ఇనుప అచ్చుల్లో పోసిన కాంక్రీటు ఘనాలు, నీటి తొట్టి, ఘనాన్ని నలగ్గొట్టే యంత్రం.]

కాంక్రీటు బలం తెలుసుకోవడానికి ఘనాలు పోసి, 28 రోజులు తడిలో ఉంచి, యంత్రంలో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. ఆ బలాన్ని మెగాపాస్కల్ అనే ప్రమాణంలో చెబుతారు. లారీల మీద 30 అదే. 30 మెగాపాస్కల్ కాంక్రీటు అంటే సగటు 30 అని కాదు. నూటికి ఐదుకు మించి ఘనాలు 30 కిందికి రాకూడదని అర్థం. కాబట్టి సగటు 30 కంటే పైన ఉండాలి. ఎంత పైన? ఫలితాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే ప్రామాణిక విచలనాన్ని 1.65తో గుణిస్తే ఎంత వస్తుందో అంత.

[తెర మీద: రెండు గంట ఆకారపు వక్రరేఖలు. ఒకటి వెడల్పుగా, ఒకటి సన్నగా. రెండింటి ఎడమ తోకా 30 దగ్గరే తాకుతోంది.]

ఎడమవైపు కర్మాగారంలో ప్రామాణిక విచలనం 5 అనుకోండి. 5ను 1.65తో గుణిస్తే 8.25. అది సగటున 38.25 సాధించాలి. కుడివైపు కర్మాగారంలో 3. దానికి 34.95 చాలు. మధ్య తేడా 3.3 మెగాపాస్కల్. ఒక్కో మెగాపాస్కల్‌కు 5 కిలోల సిమెంటు అదనంగా పడుతుందని ఉదాహరణకు అనుకుంటే, ప్రతి ఘనపు మీటరుకూ 16 కిలోలకు పైనే. కట్టడానికి ఆ 16 కిలోల అవసరం ఏమీ లేదు. రేపు వచ్చే కాంక్రీటు ఎలా ఉంటుందో తెలియకపోవడానికి కట్టే జరిమానా అది.

మరి ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? ఇక్కడ కొత్త రసాయనమో అద్భుత పదార్థమో వెతికేవాళ్లకు కాస్త నిరాశ తప్పదు. చాలాసార్లు దోషి ఇసుకలోని తడి. ఘనపు మీటరు కాంక్రీటులో 800 కిలోల ఇసుక ఉందనుకుందాం. అందులోని తేమను 2 శాతం తప్పుగా అంచనా వేస్తే 16 లీటర్ల నీరు ఎవరికీ తెలియకుండా మిశ్రమంలో చేరుతుంది. 340 కిలోల సిమెంటుకు 170 లీటర్ల నీరు పోయాలనుకుంటే సిమెంటుతో నీటి నిష్పత్తి 0.50. ఆ 16 లీటర్లు కలిస్తే 0.55 దగ్గరకు పోతుంది. నీరు పెరిగేకొద్దీ బలం పడిపోతుందని డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే చూపించారు. ఇసుక గుట్ట మీద కప్పు వేసి, తొట్టిలో తేమను కొలిచే పరికరం పెట్టి, ఆ అంకెను బట్టి నీటిని సరిచేస్తే విచలనం తగ్గుతుంది. ఇలాంటి పని మీద పరిశోధన పత్రం రాస్తే పెద్దగా ఎవరూ చప్పట్లు కొట్టరు. సిమెంటు మాత్రం తగ్గుతుంది.

[తెర మీద: బూడిద, స్లాగ్, కాల్చిన బంకమట్టి. మూడు గాజు సీసాల్లో మూడు పొడులు.]

ఇక క్లింకర్‌కు బదులు వాడే పదార్థాలు. బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద, ఇనుము తయారీలో మిగిలే స్లాగ్ చాలాకాలంగా వాడుకలో ఉన్నవే. అయితే బొగ్గు కేంద్రాలు మూతపడేకొద్దీ, తుక్కు ఇనుమును విద్యుత్తుతో కరిగించే పద్ధతి పెరిగేకొద్దీ ఈ రెండూ తగ్గుతాయి. అందుకే చూపు బంకమట్టి వైపు తిరిగింది. స్విట్జర్లాండ్‌లోని ఇపిఎఫ్‌ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో కారెన్ స్క్రివెనర్ బృందం, క్యూబా, భారత పరిశోధకులతో కలిసి ఎల్‌సి3 అనే సిమెంటును అభివృద్ధి చేసింది. అందులో దాదాపు 50 శాతం క్లింకర్, 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి, 5 శాతం జిప్సం. మట్టిలోని అల్యూమినా సున్నపురాయిలోని కార్బొనేట్‌తో చర్య జరిపి కొత్త ఘనపదార్థాలుగా మారి ఖాళీలను నింపుతుంది. మామూలు సిమెంటుతో పోలిస్తే దీనివల్ల కార్బన్ ఉద్గారాలు 30 నుంచి 40 శాతం దాకా తగ్గుతాయి.

చిక్కు ఇక్కడే వస్తుంది. క్లింకర్‌ను ఒకే కొలతకు తెచ్చే నేర్పు పరిశ్రమకు వందేళ్లకు పైగా అలవాటు. మట్టి అలా కాదు. గనిలో ఈ మూల ఒక రకం, ఆ మూల ఒక రకం. పనికొచ్చే ఖనిజం కేయోలినైట్ ఒకచోట 70 శాతం, పక్కనే 40 శాతం ఉండవచ్చు. రీసైకిల్ చేసిన ప్లాస్టిక్, కూల్చిన కట్టడాల కంకర, పంట వ్యర్థాల బూడిద, వీటన్నిటికీ ఇదే గుణం. పదార్థం ప్రకృతికి దగ్గరైనా వ్యర్థం నుంచి వచ్చినా దాని తీరు రోజుకోలా ఉంటుంది. ఆ అస్థిరత వల్ల విచలనం 5 నుంచి 7కు పెరిగిందనుకోండి. సగటు 41.55 కావాలి. కొత్త పదార్థం వల్ల ఆదా అయిన క్లింకర్‌లో కొంత భాగాన్ని, భద్రత కోసం ఇలా పెంచిన సగటే మింగేస్తుంది. కొత్త పదార్థాల గురించి వచ్చే వార్తల్లో ఈ లెక్క దాదాపు ఎప్పుడూ కనిపించదు.

[తెర మీద: నాలుగు గళ్ల పట్టిక. పైన “వెచ్చగా”, “చల్లగా”. పక్కన “తక్కువ స్లాగ్”, “ఎక్కువ స్లాగ్”.]

గణాంక శాస్త్రం ప్రయోగశాలలోకి వచ్చేది ఇలాంటి చోటే. మనకు సహజంగా తోచే పద్ధతి ఏమిటంటే, అన్నిటినీ స్థిరంగా ఉంచి ఒక్కటే మార్చి చూడటం. శాస్త్రీయంగా కనిపిస్తుంది కానీ మోసపుచ్చుతుంది. కొన్ని ఊహా సంఖ్యలతో చెబుతాను. వెచ్చని వాతావరణంలో 7 రోజుల బలం తక్కువ స్లాగ్‌తో 25, ఎక్కువ స్లాగ్‌తో 20. చలిలో తక్కువ స్లాగ్‌తో 21, ఎక్కువ స్లాగ్‌తో 10. స్లాగ్ వల్ల వెచ్చగా ఉంటే 5 తగ్గింది, చల్లగా ఉంటే 11 తగ్గింది. సగటున 8 తగ్గిందని నివేదికలో రాస్తే అది ఏ రోజుకూ వర్తించని మాట. చలిలో స్లాగ్ చర్య బాగా నెమ్మదిస్తుంది కనుక ఈ రెండు కారణాలనూ విడదీసి చూడలేం. వేసవిలో ఒక్కటొక్కటిగా మార్చి పరీక్షించినవాళ్లకు ఈ సంగతి చలికాలంలో, కట్టే చోట తెలుస్తుంది.

దీనికి దారి చూపింది పొలాలు. 1919లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన రోనాల్డ్ ఫిషర్, అన్ని కారణాలనూ ఒకేసారి, ఒక ప్రణాళిక ప్రకారం మార్చమన్నారు. మూడు కారణాలు, ఒక్కోదానికి రెండు స్థాయులు అయితే 8 ప్రయోగాలు. ప్రతి కారణం ప్రభావాన్నీ ఆ 8 ఫలితాల నుంచే, నాలుగుకు నాలుగు పోల్చి అంచనా వేయవచ్చు. ఒక్క ప్రయోగమూ వృథా పోదు. వరుసను చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించమని కూడా ఆయన చెప్పారు. ఉదయం అన్నీ పాత మిశ్రమాలు, మధ్యాహ్నం అన్నీ కొత్తవి చేస్తే చూసిన తేడా పదార్థానిదో ఎండదో ఎప్పటికీ తేలదు. మట్టి వేర్వేరు లారీల్లో వస్తే ప్రతి లారీ మట్టితోనూ అన్ని రకాలూ చేయాలి. పొలంలో సారం ఒకేలా ఉన్న మడులను ఒక్కో గుంపు చేసినట్టే ఇది.

[తెర మీద: ఒక కొండ ఆకారపు ఉపరితలం. మీద చుక్కలు ఒక్కొక్కటిగా పైకి కదులుతున్నాయి.]

అయితే రెండు స్థాయులు అన్నిచోట్లా చాలవు. బంకమట్టిని దాదాపు 700 నుంచి 850 డిగ్రీల మధ్య కాలుస్తారు. తక్కువ కాలిస్తే దాని నిర్మాణంలోని నీరు పూర్తిగా పోదు. మరీ ఎక్కువ కాలిస్తే కొత్త స్ఫటికాలు ఏర్పడి చురుకుదనం చచ్చిపోతుంది. అంటే మధ్యలో ఒక శిఖరం ఉంది. సరళరేఖ గీసిన గణిత నమూనాకు అది కనపడదు. అందుకు కనీసం మూడు స్థాయులు, వర్గ పదాలు ఉన్న సమీకరణం కావాలి. ఐసీఐ అనే రసాయన సంస్థలో పనిచేసిన జార్జ్ బాక్స్, కె.బి. విల్సన్ 1951లో ప్రచురించిన పద్ధతి ఇదే. కొన్ని ప్రయోగాలు చేయడం, వాలు ఎటు ఉందో చూడటం, అటు జరిగి మళ్లీ కొన్ని చేయడం. పరిశ్రమలో చేసే పరిశోధనకు ఇంతకంటే నప్పే పద్ధతి నాకు తెలియదు, ఎందుకంటే కర్మాగారం ఎప్పుడూ ఆగదు, డబ్బు ఎప్పుడూ చాలదు.

మిశ్రమాల్లో మరో మెలిక కూడా ఉంది. పాళ్లన్నీ కలిపితే 100 శాతం కావాలి కదా. మట్టి పెంచారంటే ఇంకేదో తగ్గాల్సిందే. “మట్టి ఒక్కటే మార్చాం” అన్న వాక్యానికి ఇక్కడ అర్థం లేదు. హెన్రీ షెఫే 1958లో దీనికోసమే ప్రత్యేక ప్రణాళికలు ఇచ్చారు. మూడు పదార్థాలైతే ప్రయోగాలన్నీ ఒక త్రిభుజంలో చుక్కలుగా కూర్చుంటాయి.

[తెర మీద: వరుసలు వరుసలుగా సంఖ్యల పట్టిక. కొన్ని వరుసలు ఒకే రంగులో వెలుగుతాయి.]

“ఇప్పుడు యంత్ర అభ్యసనం, అంటే పాత ఫలితాల నుంచి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి వచ్చింది కదా, ఇంత ప్రణాళిక ఎందుకు?” అని మీరు అడగవచ్చు. 1998లో ఐ-చెంగ్ యే కాంక్రీటు బలాన్ని న్యూరల్ నెట్‌వర్క్ అనే అలాంటి నమూనాతో అంచనా వేశారు. ఆయన పేరుతో అందరికీ దొరికే దత్తాంశంలో 1030 వరుసలు ఉన్నాయి. సిమెంటు, స్లాగ్, బూడిద, నీరు వంటి ఏడు పదార్థాలు, ఎనిమిదో అంశంగా వయసు. విద్యార్థులు దీని మీద నమూనాలు తయారుచేసి అద్భుతమైన కచ్చితత్వం వచ్చిందని చూపిస్తుంటారు. ఆ అద్భుతంలో కొంత కనికట్టు. ఒకే మిశ్రమాన్ని వేర్వేరు వయసుల్లో పరీక్షించిన వరుసలు అందులో చాలా ఉన్నాయి. వరుసలను ఇష్టం వచ్చినట్టు రెండుగా విభజిస్తే, ఒక మిశ్రమం 7 రోజుల ఫలితం నేర్చుకునే భాగంలోనూ, 28 రోజుల ఫలితం పరీక్షించే భాగంలోనూ పడుతుంది. నమూనా సగం జవాబు చూసి పరీక్ష రాస్తోందన్నమాట. మిశ్రమాన్ని మొత్తంగా ఒకవైపే ఉంచి విభజిస్తేనే, కొత్త మిశ్రమం ఎదురైతే నమూనా ఏం చేస్తుందో తెలుస్తుంది. పైగా ఆ పట్టికలో కాల్చిన బంకమట్టి అనే గడి అసలు లేదు. నమూనా ఎంత తెలివైనదైనా తాను చూడని పదార్థం గురించి దానికి చెప్పగలిగిందేమీ లేదు.

కాబట్టి రెండూ కలపాలి. ప్రణాళికతో మొదటి ప్రయోగాలు, వాటి మీద అనిశ్చితిని కూడా చెప్పే నమూనా, అది ఎక్కడ తనకు తెలియదంటుందో అక్కడ తర్వాతి ప్రయోగం. ప్రతి ఫలితానికీ 28 రోజులు ఆగాల్సిన చోట తర్వాతి ఘనం ఏది పోయాలో సరిగ్గా ఎంచుకోవడమే పెద్ద ఆదా.

[తెర మీద: రోజువారీ ఫలితాల రేఖ. దాని కింద మెల్లగా వంగుతున్న మరో రేఖ.]

ప్రయోగశాలలో గెలిచిన మిశ్రమం ఉత్పత్తిలోకి వెళ్లాక పని మారుతుంది. అక్కడ వెతకాల్సింది ఉత్తమమైనదాన్ని కాదు, జారిపోతున్నదాన్ని. వాల్టర్ షూహార్ట్ 1924లో ప్రతిపాదించిన నియంత్రణ పటం, అంటే ఫలితాలు హద్దులు దాటాయో లేదో చూపే పటం, ఒక్కసారిగా వచ్చే పెద్ద తేడాను పట్టుకుంటుంది. గనిలో మట్టి నాణ్యత కొద్దికొద్దిగా దిగజారుతుంటే దానికి త్వరగా తెలియదు. అందుకు ఇ.ఎస్. పేజ్ 1954లో ఇచ్చిన సంచిత మొత్తాల పద్ధతి మేలు. లక్ష్యం నుంచి ప్రతి ఫలితం ఎంత దూరముందో కూడుతూ పోతారు. చిన్న తేడాలన్నీ ఒకేవైపు ఉంటే రేఖ వంగుతుంది. రెడీమిక్స్ కాంక్రీటు పరిశ్రమలో ఇది బాగా వాడుకలో ఉన్న పద్ధతి. వంపు కనపడగానే సిమెంటు పెంచడం ఒక స్పందన. మట్టి లారీ ఏ మూల నుంచి వచ్చిందో నమోదు చేసి ఉంటే కారణాన్నే సరిచేయవచ్చు.

గణాంకాలతో కాక నిర్ణయంతో తేలే విషయం ఒకటి మిగిలింది. స్లాగ్, బూడిద ఉన్న మిశ్రమాలు 28 రోజుల తర్వాత కూడా చాలా బలపడతాయి. పునాదుల మీద పూర్తి బరువు పడేది నెలల తర్వాత. అలాంటి చోట బలాన్ని 56 లేదా 90 రోజులకు కొలవడానికి ఇంజనీరు ఒప్పుకుంటే, ఏ కొత్త పదార్థమూ లేకుండానే క్లింకర్ ఇంకొంత తగ్గుతుంది. దానికి కావలసింది ఒప్పంద పత్రంలో ఒక్క సంఖ్య మార్చడం.

[తెర మీద: పరీక్ష నివేదికలో “28” మీద గీత. పక్కన “56”.]