లండన్ వచ్చిన అమ్మానాన్నలకు ఏం చూపిద్దాం?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని మరీ వింటున్న తల్లులకు నమస్కారం. సన్మానాలతో ఇప్పటికే పొద్దుపోయింది. పక్క గదిలో పులిహోర చల్లారిపోతోందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు, చూశాను. వేసవిలో మనూళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లను ఈ దేశంలో ఎక్కడెక్కడికి తిప్పాలి అన్నది నాకిచ్చిన అంశం.

ముందు తిప్పే పద్ధతి గురించి. రోజుకు ఒక పెద్ద చోటు, ఓపికుంటే ఇంకో చిన్న చోటు. అంతే. పొద్దున టవర్, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం లండన్ ఐ అని పెట్టుకుంటే అరవై దాటినవాళ్ల మోకాళ్లు మూడింటికే చేతులెత్తేస్తాయి. బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర గార్డులు మారే వేడుక రోజూ ఉండదు, వాన జోరుగా ఉంటే అసలు ఉండదు. ముందు రాత్రే చూసుకోండి. రైలు సంగతి: ఇద్దరి పేర్లతో, ఫోటోలతో ‘టూ టుగెదర్’ రైల్‌కార్డు తీస్తే టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. అయితే ఇద్దరూ కలిసే ప్రయాణించాలి, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9:30 లోపు అది చెల్లదు. తొందరపడి 9:10 బండి ఎక్కారో, మొత్తం వ్యవహారం మొదటికొస్తుంది. ఆదివారాలు పట్టాల మరమ్మతులుంటాయి. రైలుకు బదులు బస్సు పెడతారు, గంట ప్రయాణం రెండు గంటలవుతుంది.

టవర్ ఆఫ్ లండన్‌కు వెళ్తే తలుపులు తీసే వేళకే వెళ్లి, మిగతా కోట వదిలేసి నేరుగా రాజకిరీటాలుండే జ్యువెల్ హౌస్‌కు నడవండి. పదకొండు దాటాక ఆ వరస చూస్తే కడుపు నిండిపోతుంది. కిరీటాల ముందు నేలే కదులుతుంటుంది, నిలబడితే అదే తీసుకెళ్తుంది. కోహినూరు 1937లో రెండో ఎలిజబెత్ తల్లికి చేసిన కిరీటంలో ఉంది. బరువు 105.6 క్యారెట్లు. 1852లో మళ్లీ సానబెట్టక ముందు 186 ఉండేది. లోపల ఫోటోలు తీయనివ్వరు. మన గుంటూరు సీమ కొల్లూరులో దొరికిందని మనవాళ్లు చెబుతూ దాని ముందు నాలుగు క్షణాలు నిట్టూరుస్తారు. నిట్టూర్చండి, తప్పు లేదు.

స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన రాతి వలయానికి లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి సాల్స్‌బరీకి గంటన్నర రైలు, అక్కడి నుంచి బస్సు. టికెట్ల భవనం దగ్గర దిగితే రాళ్లు వచ్చేసినట్టు కాదు. ఇంకా రెండు కిలోమీటర్లకు పైగా ఉంది, వాళ్ల బస్సు ఎక్కాలి. చుట్టూ చెట్టూ చేమా ఉండదు, జూలైలో కూడా గాలి ఈడ్చి కొడుతుంది. అమ్మ చీర మీదకి కోటు తప్పనిసరి. మామూలు టికెట్‌తో రాళ్ల మధ్యకు పోనివ్వరు, దారి మీంచే చూడాలి. లోపలికి వెళ్లాలంటే వేళలకు ముందో వెనకో ఇచ్చే ప్రత్యేక ప్రవేశం చాలా ముందుగా కొనుక్కోవాలి. అక్కడి చిన్న నీలిరాళ్లు వేల్స్ కొండల నుంచి, దాదాపు 240 కిలోమీటర్లు వచ్చాయి. మధ్యలో పడి ఉన్న పెద్ద బండ ఏకంగా స్కాట్లాండ్ ఈశాన్యం నుంచి వచ్చిందని 2024లో తేల్చారు. ఇది విని అందరూ నోళ్లు వెళ్లబెడతారు.

ఇక్కడ ఆగాలి. రాళ్లు ప్రయాణం చేశాయని అంత ఆశ్చర్యపోయేవాళ్లం, పల్నాటి రాళ్లు సముద్రాలు దాటి ఈ ఊళ్లోనే ఉన్నాయంటే ఎందుకు చూడబోము? బ్రిటిష్ మ్యూజియంకు మనవాళ్లు వెళ్లరని కాదు. వెళ్తారు. మమ్మీలు, రొసెట్టా రాయి, మెట్ల మీద ఓ సెల్ఫీ, బయటికి. మన అమరావతి శిల్పాలున్న 33ఎ గది ఎక్కడని అడిగితే ఒక్కరికీ తెలియదు. ఈ సభలో చూసినవాళ్లు చేతులెత్తండి... నాలుగు. నిర్వాహకులారా, పులిహోర ఇంకో పది నిమిషాలు ఆగాల్సిందే.

అమరావతి మహాస్తూపాన్ని అక్కడివాళ్లు దీపాలదిన్నె అనేవారు. 1790లలో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తుంటే దిబ్బలోంచి రాళ్లు బయటపడ్డాయి. కొన్ని గోడల్లోకి పోయాయి. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, మళ్లీ 1816లో వచ్చి బొమ్మలు గీయించేనాటికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వి ఉంది. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలు మద్రాసు చేర్చాడు. అక్కడవి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకు ఎండి, వానకు తడిశాయి. 1859లో ఓడెక్కించారు. ‘ఇలియట్ మార్బుల్స్’ అన్నారు గానీ అది పాలరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి. మెత్తగా చెక్కుడు పడుతుంది, తడి తగిలితే అంతే మెత్తగా అరిగిపోతుంది.

లండన్‌లో ఏం చేశారనుకున్నారు? వైట్‌హాల్‌లోని ఫైఫ్ హౌస్ అనే భవనంలో ఇండియా మ్యూజియం ఉండేది. అక్కడికి చేర్చి కొన్నింటిని బయట పెట్టారు. పల్నాటి ఎండ చూసిన రాయి లండన్ పొగమంచు మింగింది. మిగతావి బగ్గీల కొట్టంలో పడేశారు. గుర్రబ్బళ్లు పెట్టుకునే కొట్టమండీ! 1867 పారిస్ ప్రదర్శనకు భారతీయ శిల్పాల ఫోటోలు కావాల్సొచ్చి జేమ్స్ ఫెర్గూసన్ అనే ఆయన వెతుకుతూ ఆ కొట్టంలో వీటిని చూశాడు. చూశాడు కాబట్టి ఫోటోలు తీయించాడు, పుస్తకం రాశాడు. బ్రిటిష్ మ్యూజియంకు చేరింది మాత్రం 1880లో. పోగొట్టుకున్న వజ్రానికి పాడే శోకంలో పదో వంతు ఈ కొట్టానికి దక్కలేదన్నదే నా గొడవ. వజ్రం రాజులది. ఈ రాళ్లకు డబ్బిచ్చింది ఎవరో శాసనాల్లో ఉంది: భిక్షుణులు, గృహిణులు, విధికుడనే తోలు పనివాడు.

సరే, ఎలా వెళ్లాలో చెబుతాను, రాసుకోండి. ప్రవేశం ఉచితం, కానీ వేళ ముందే బుక్ చేసుకుంటే నయం. చక్రాల సూట్‌కేసులు రానివ్వరు, కాబట్టి హీత్రో నుంచి నేరుగా రాకండి. పెద్ద గుమ్మం వైపు కాక వెనక మాంటేగ్ ప్లేస్ వైపు నుంచి వస్తే 33వ గది దగ్గర. దాన్ని ఆనుకునే 33ఎ. శుక్రవారం రాత్రి 8:30 దాకా తెరిచి ఉంటుంది గానీ అన్ని గదులూ కాదు. ఈ గది ఆ రోజు తీస్తారో లేదో వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోవచ్చు. గదుల్లో తిండి కుదరదు. డబ్బా తెచ్చుకుంటే వెనకే రస్సెల్ స్క్వేర్ తోటలో బెంచీలున్నాయి.

లోపల అన్నీ చూడాలని పరుగెత్తకండి. ఒక్క పలక ముందు నిలబడండి. దాని మీద స్తూపమే చెక్కి ఉంటుంది. కూలిపోయిన మహాస్తూపం ఎలా ఉండేదో తెలిసేది ఇలాంటి పలకల వల్లే. గుమ్మం దగ్గర సింహాలు, పైన వరసగా ఐదు ఆయక స్తంభాలు (స్తూపం గుమ్మాల దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన అరుగు మీద నిలిపేవి), గుమ్మంలో అభయమిస్తూ నిలబడ్డ బుద్ధుడు. అమ్మకు స్తంభాలు లెక్కపెట్టే పని అప్పగించండి. అది క్రీస్తు శకం మూడో శతాబ్దం నాటి పని. వెనక వైపు అంతకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందుది. చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం, మొక్కుతున్న జనం. బుద్ధుడు లేడు, ఆయన కూర్చున్న చోటుంది. తర్వాతి తరం శిల్పులు కొత్త రాయి తెచ్చుకోకుండా పాతదాన్నే తిప్పి చెక్కారు. పక్కకు వంగి తొంగి చూడాల్సొచ్చినా ఆ రెండో వైపు చూడకుండా రాకండి.

సంఘం తరఫున వచ్చే నెల పెట్టే ట్రిప్పుకు పేర్లు భోజనాల దగ్గర ఇవ్వండి. పెద్దవాళ్ల కోసం మడత కుర్చీ కావాలంటే అది కూడా రాయండి.