ఒకటే వంట, ఎవరి కంచం వారిది

శ్రోతలకు నమస్కారం.

పేలియో ఆహారం సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. ఈ పద్ధతిలో ధాన్యాలు, పప్పులు, పాలు, పెరుగు, పంచదార, ప్యాకెట్ తిళ్లు ముట్టుకోరు. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, పళ్లు, బాదం లాంటి గింజలు తింటారు. వ్యవసాయం పుట్టకముందు మనిషి ఏం తిన్నాడో ఇప్పటికీ మన ఒంటికి అదే సరిపడుతుందని వీళ్ల వాదన. ఒక్కరే ఉండేవాళ్లయితే ఎలాగో నెట్టుకొస్తారు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఇద్దరు చిన్నపిల్లల్ని పెంచుతున్న ఇంట్లో మాత్రం అసలు పరీక్ష సాయంత్రం ఏడింటికి, అందరికీ ఒకేసారి ఆకలేసినప్పుడు మొదలవుతుంది.

ముందు ఆ వాదనలో బలమెంతో చూద్దాం. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే అమెరికా పరిశోధకులు ఒక పేరున్న వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో ఇది డాక్టర్ల మధ్య చర్చకు వచ్చింది. జనంలో బాగా పాకింది 2000 తర్వాత. అయితే ఇజ్రాయెల్‌లోని గలిలయ సరస్సు ఒడ్డున ఓహాలో అనే చోట తవ్వితే, దాదాపు 23 వేల ఏళ్ల కిందటి రాయి మీద అడవి బార్లీ నూరిన ఆనవాళ్లు దొరికాయి. సాగు మొదలవడానికి ఎన్నో వేల ఏళ్ల ముందే గింజలు నూరుకు తిన్నారన్నమాట! మనకు దగ్గరి బంధువులై ఎప్పుడో అంతరించిపోయిన నియాండర్తల్ మనుషుల పళ్ల గారలో కూడా ఉడికిన గింజల పిండి కనబడింది. అంచేత పూర్వీకుల పేరు చెప్పి పిల్లాడి కంచంలోంచి అన్నం లాగేద్దామంటే చరిత్ర మన వైపు నిలబడదు. తీపి పానీయాలు, ప్యాకెట్లు తగ్గి కూరగాయలు పెరగడమే ఈ పద్ధతిలో నాకు కనిపించే అసలు మేలు. దానికి రాతియుగం సాక్ష్యం అక్కర్లేదు.

అందుకే నేననేది, పేలియో పెద్దల ఇష్టం, పెద్దలే పాటించాలి. అలాగని పెద్దలకో వంట, పిల్లలకో వంట పెట్టుకుంటే నెల తిరక్కముందే విసుగొచ్చి రెండూ మూలపడతాయి. కూరలు, గుడ్లు, మాంసమో చేపో అందరికీ ఒకటే వండండి. పక్కన ఒక గిన్నెలో అన్నమో రొట్టెలో, ఇంకో గిన్నెలో పెరుగు పెట్టండి. వద్దనుకున్న పెద్దలు ఆ రెండు గిన్నెల జోలికి వెళ్లరు. పిల్లలు వేసుకుంటారు. అంతే.

ఇది నడవాలంటే సెలవు రోజున కొంత పని చేసిపెట్టుకోవాలి. కోడిమాంసం, చిలగడదుంపలు, క్యారెట్ ఒకే ట్రేలో పెట్టి ఓవెన్లో కాల్చితే ఒక పూట తినగా మరో పూటకు మిగులుతుంది. కోడిమాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. మిగిలినదాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో పొగలు వచ్చేలా వేడిచేసుకుని తినేయాలి. ఉడికించిన గుడ్లు ఫ్రిజ్‌లో వారం ఉంటాయి. పొద్దున్న హడావిడిలో వాటికి మించిన ఆసరా లేదు. చిలగడదుంప పేలియోలో చెల్లుతుంది, పిల్లలకూ నచ్చుతుంది. పచ్చి బఠాణీలు పప్పుజాతి కదా, తినొచ్చా కూడదా అని పేలియో వాళ్లలో పెద్ద చర్చే ఉంది. పిల్లలు ఇష్టంగా తినే కూరగాయ మీద ఆ చర్చ భోజనాల బల్ల దగ్గర మాత్రం పెట్టుకోకండి.

ఇక పాల విషయం. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. ఒక కప్పు పాలలో సుమారు 300 ఉంటుంది. ఒక గుడ్డులో పాతిక ముప్ఫైకి మించదు. పాలకూర ఉందిగా అంటారు. నిజమే, అందులో కాల్షియం ఉంది, కానీ ఆ ఆకులోనే ఉండే ఆక్సలేటు అనే పదార్థం దాన్ని పట్టేసుకుంటుంది, ఒంటికి అందేది చాలా తక్కువ. ముళ్లతో సహా తినే చిన్న చేపలు మేలే, అయితే ఏ పిల్లాడు రోజూ తింటాడు? అందుకని పాలు పడకపోతే తప్ప పిల్లలకు పాలు, పెరుగు మానిపించకండి. పడనివాళ్లకు బదులు ఏం పెట్టాలో డాక్టర్నే అడగండి.

పసిపిల్లల దగ్గర మరీ జాగ్రత్త. పంచదారకు బదులు తేనె వాడటం పేలియోలో మామూలే. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె చుక్క కూడా నాకించకూడదు, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. ఐదేళ్లలోపు వాళ్లకు బాదం, జీడిపప్పు గుళ్లు అలాగే ఇస్తే గొంతుకు అడ్డం పడతాయి, పొడి చేసి ఇవ్వండి. 2015లో ఆస్ట్రేలియాలో పసిపిల్లల పేలియో వంటల పుస్తకమొకటి గొడవకు దారితీసింది. తల్లిపాలకు బదులు లివర్, ఎముకల రసంతో చేసే పానీయం అందులో ఉంది. పసివాళ్లకు హాని లేని మోతాదుకు పది రెట్లకు పైగా విటమిన్ ఏ అందులో ఉంటుందని ప్రజారోగ్య నిపుణులు హెచ్చరించారు. ప్రచురణకర్త వెనక్కి తగ్గాడు.

పెద్దలు మరిచిపోయేది ఉప్పు. అయోడిన్ కలిపిన మామూలు ఉప్పు మానేసి సముద్రపుప్పుకో రాతి ఉప్పుకో మారతారు, పాలు ఎలాగూ ఉండవు. దాంతో అయోడిన్ తగ్గిపోతుంది. స్వీడన్‌లో రెండేళ్లు పేలియో తిన్న, నెలసరి ఆగిన వయసు స్త్రీలలో ఈ లోటు కనబడింది. అయోడైజ్డ్ ఉప్పే ఉంచుకోండి. శాకాహారులకు మరో మాట. పప్పులు, పాలు రెండూ తీసేస్తే మాంసకృత్తులకు మిగిలే దారులు బహు కొద్ది. వాళ్లకు నేనీ పద్ధతి చెప్పను.

చివరగా పిల్లల ప్రశ్న. "నాన్న అన్నం ఎందుకు తినడు?" అని అడుగుతారు. అన్నం చెడ్డదని చెప్పకండి, వాళ్లు తినేది అదే. "నాన్నకు ఇవాళ కూర చాలు" అంటే సరిపోతుంది. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీరు చూసుకోండి, ఎంత తినాలో వాళ్లకు వదిలేయండి. కొత్త కూరను పది సార్లు కాదన్న పిల్లలు ఆ తర్వాత తినడం కద్దు, మళ్లీ మళ్లీ కొద్దిగా వడ్డిస్తూ ఉండండి.

సెలవు. నమస్కారం.