కొట్టాయన వేసే అంకె

అందరికీ నమస్కారం.

ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని బొమ్మల పుస్తకాల కబుర్లు వినడానికి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. ముందు వరసలో బడిపిల్లలు కూర్చున్నారు. ఒకడి చొక్కా మీద సాలీడు, పక్కన పాప సంచీ మీద గబ్బిలం. మీ కోసం తియ్యటి వార్త ముందే చెప్పేస్తాను. ఈ 2026 మార్చిలో సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ ఒకే పుస్తకంలో కలుస్తున్నారు. మొదట సూపర్‌మ్యాన్‌ను వేసే డీసీ సంస్థ వాళ్ళ పుస్తకం, ఆ తర్వాత ఏప్రిల్‌లో స్పైడర్‌మ్యాన్‌ను వేసే మార్వెల్ సంస్థ వాళ్ళ పుస్తకం. వీళ్ళిద్దరూ మొదటిసారి కలిసింది 1976లో. పత్రిక సైజంత పెద్ద పుస్తకం, ధర రెండు డాలర్లు. సరిగ్గా యాభై ఏళ్ళయింది. 2025 సెప్టెంబరులో మార్వెల్ నుంచి, నవంబరులో డీసీ నుంచి బ్యాట్‌మ్యాన్, డెడ్‌పూల్ కలిసిన పుస్తకాలు వచ్చాయి. అంతకుముందు ఈ రెండు సంస్థల వీరులు కొత్త కథలో ఎదురుపడింది 2003లో మొదలై 2004లో ముగిసిన జస్టిస్ లీగ్, అవెంజర్స్ కథలో. మధ్యలో ఇరవై ఏళ్ళకు పైగా మాటల్లేవు.

ఇలాంటి వార్త వినగానే మనం ఏమడుగుతాం? కథ ఎవరు రాస్తున్నారు, బొమ్మలు ఎవరు వేస్తున్నారు, ఎవరు గెలుస్తారు. నేనూ చాలా ఏళ్ళు అవే అడిగాను. న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకుంటూ, కొత్త పుస్తకాలు వచ్చే ప్రతి బుధవారం సాయంత్రం కామిక్స్ కొట్టుకు వెళ్ళడం మొదలుపెట్టాక ఇంకో ప్రశ్న నేర్చుకున్నాను. మా కొట్టాయన ఎన్ని కాపీలకు ఆర్డరు చెప్పాడు? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ అంకె గురించి. ఒక పుస్తకం బతుకుతుందో లేదో ఆ అంకె దగ్గరే తేలిపోతుంది. ఆ అంకె వేసే రోజుకి ఆ పుస్తకాన్ని ఒక్క పాఠకుడూ చూసి ఉండడు.

ఎలాగో చెబుతాను. మన బస్టాండు పుస్తకాల కొట్టు తెలుసు కదా. వారపత్రికలు తాడు మీద వేలాడేవి. అమ్ముడుపోనివి ఏజెంటు వెనక్కి తీసుకునేవాడు. అమెరికాలో కూడా మొదట అంతే. 1938లో సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ తొలి సంచిక పది సెంట్లు. అది అమ్మింది పేపర్ల బంకుల్లో, మందుల షాపుల్లో. మిగిలిపోయిన పుస్తకాల అట్ట చింపి పంపితే డబ్బు వెనక్కి వచ్చేది. పుస్తకం అచ్చేసినవాడికి ఎన్ని అమ్మాడో నెలల తర్వాత గానీ తెలిసేది కాదు. దొంగ లెక్కలకు కొదవ లేదు.

1970ల మొదట్లో బ్రూక్లిన్‌లో ఫిల్ స్యూలింగ్ అని ఒక స్కూలు మాస్టారు ఉండేవాడు. కామిక్స్ సభలు జరిపేవాడు కూడా. ఆయన ప్రచురణకర్తల దగ్గరికి వెళ్ళి ఒక బేరం పెట్టాడు. మీరు నాకు ఎక్కువ తగ్గింపు ఇవ్వండి, మిగిలిపోయినవి నేను వెనక్కి పంపను. ఈ ఒక్క మాట మీద ఒక వ్యాపారమంతా నిలబడింది. దాన్నే డైరెక్ట్ మార్కెట్ అంటారు. ప్రచురణకర్తకు నష్టభయం తగ్గింది, కామిక్స్ మాత్రమే అమ్మే కొట్లు పుట్టాయి. బంకుల్లో చెల్లని వింత పుస్తకాలకు కూడా చోటు దొరికింది. ఆ నష్టభయం మాయమేమీ కాలేదు, కొట్టాయన నెత్తిమీదికి వచ్చి కూర్చుంది.

ఇప్పుడు పద్ధతి ఇది. పుస్తకం రావడానికి సుమారు మూడు నెలల ముందే ప్రచురణకర్త జాబితా ప్రకటిస్తాడు. అట్ట బొమ్మ, నాలుగు వాక్యాల కథ, ధర, రాసేవారి పేరు, గీసేవారి పేరు, అంతే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటాం కదా, చాలాసార్లు అలాగే ఉంటుంది. లోపలి పేజీలు ఇంకా గీస్తూనే ఉంటారు. అప్పుడే కొట్టాయన ఎన్ని కావాలో చెప్పాలి. పుస్తకం రావడానికి మూడు నాలుగు వారాల ముందు దాకా ఆ అంకె మార్చుకోవచ్చు. ఆ చివరి గడువును ఎఫ్‌ఓసీ అంటారు, ఫైనల్ ఆర్డర్ కటాఫ్. అది దాటాక వచ్చిన అంకెలు కూడుకుని, పైన కాసిని కలిపి ప్రచురణకర్త అచ్చుకు పంపుతాడు. మీరు అంతర్జాలంలో చూసే ‘త్వరలో రాబోతున్నవి’ జాబితాలన్నీ అసలు పుట్టింది ఈ కొట్టాయన కోసం.

ఒక సోమవారం సాయంత్రం నేను కొట్లోనే ఉన్నాను. వాన పడుతోంది, వేరే బేరం లేదు. ఆయన గల్లా పెట్టె పక్కన లాప్‌టాప్ పెట్టుకుని గడువులోపు అంకెలు సరిచేస్తున్నాడు. పక్కన ఒక రూళ్ళ పుస్తకం, అందులో పెన్సిల్‌తో గడులు. ఒక కొత్త వరస మొదటి సంచిక దగ్గర ఆగాడు. ఆరు అని కొట్టాడు, చెరిపి పన్నెండు అన్నాడు, మళ్ళీ చెరిపాడు. తలెత్తి నన్నడిగాడు, "మీరు కొంటారా?" చూసి చెబుతానన్నాను. ఆయన నవ్వలేదు. "మీరు చూడాలంటే నేను ముందు కొనాలి కదండీ" అన్నాడు. ఆ రోజు నాలుగు దగ్గర ఆగాడు. పుస్తకం వచ్చిన బుధవారం నేను వెళ్ళేసరికి నాలుగూ అయిపోయాయి. ఆ తర్వాత సంచికలకు కూడా ఆయన నాలుగే చెప్పి ఉన్నాడు, ఎందుకంటే మొదటిది ఎలా పోతుందో తెలిసేలోపు రెండో దాని గడువు కూడా దాటిపోయింది. ఆ వరస ఆరో సంచికతో ఆగిపోయింది. అందులో నా వాటా ఎంతుందో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

అంకెను పెంచడానికి ప్రచురణకర్తలు రకరకాల ఎరలు వేస్తారు. ఒకే పుస్తకానికి పది అట్టలు. ఇరవై ఐదు కాపీలు తీసుకుంటే ఒక ప్రత్యేక అట్ట. 1991లో ఎక్స్‌మెన్ కొత్త మొదటి సంచికను ఐదు రకాల అట్టలతో వేశారు, ఎనభై లక్షల పైచిలుకు కాపీలు కొట్లకు చేరాయి. ఎనభై లక్షల మంది చదివారని కాదు. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ చనిపోయిన సంచిక నల్ల కవరులో, నల్ల చేతిపట్టీతో సహా వచ్చింది. జనం వరసలు కట్టి కొన్నారు, విప్పకుండా దాచారు. రేపు పిల్లల కాలేజీ ఫీజులకు పనికొస్తుందనుకున్నారు. అందరి దగ్గరా ఉన్న వస్తువుకు ధరెక్కడిది? ఆ బుడగ పగిలినప్పుడు అమ్ముడుపోని అట్టపెట్టెలతో మిగిలింది కొట్టాయనలే. వెనక్కి పంపే వీలు లేదు కదా. వరసపెట్టి కొట్లు మూతపడ్డాయి. మార్వెల్ 1996 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఇవాళ ప్రపంచమంతా తెలిసిన పేరు, ఆ రోజు కోర్టు గుమ్మంలో నిలబడింది.

దానికి ముందు మార్వెల్ చేసిన ఇంకో పని చెప్పాలి, ఇవాళ్టి కష్టాలకు వేరు అక్కడే ఉంది. 1994 చివర్లో హీరోస్ వరల్డ్ అనే పంపిణీ సంస్థను కొని, ఇక మా పుస్తకాలు ఇక్కడే దొరుకుతాయంది. భయపడిన డీసీ, ఇమేజ్, డార్క్ హార్స్ ప్రచురణ సంస్థలు పోయి డైమండ్ అనే సంస్థతో ఒప్పందం చేసుకున్నాయి. మన చాచా చౌదరి డైమండ్ కామిక్స్ వేరు, ఇది 1982లో బాల్టిమోర్‌లో స్టీవ్ గెప్పి పెట్టిన పంపిణీ సంస్థ. మిగిలిన పంపిణీదారులకు అమ్మడానికి సరుకే లేకుండా పోయింది. 1996లో పెద్ద పోటీదారు క్యాపిటల్ సిటీని డైమండే కొనేసింది. మరుసటి ఏడాది హీరోస్ వరల్డ్ మూతపడి మార్వెల్ కూడా డైమండ్ గడప తొక్కింది. అంతే, ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా అమెరికా కామిక్స్ కొట్టుకు పెద్ద సంస్థల సరుకు రావాలంటే ఒకటే దారి. అమెరికా న్యాయశాఖ విచారణ జరిపి, మామూలు పుస్తకాల మార్కెట్లో ఆ సంస్థ వాటా చిన్నదేనని 2000లో వదిలేసింది. అది పొరపాటని నా అభిప్రాయం. వంతెన చిన్నదా పెద్దదా అని కాదు, ఆ ఊరికి ఇంకో వంతెన ఉందా అని చూడాలి.

2020 వసంతంలో కరోనా వచ్చినప్పుడు డైమండ్ కొత్త సరుకు తీసుకోవడం ఆపేసింది. కొన్ని వారాల పాటు బుధవారం వచ్చింది, పుస్తకాలు రాలేదు. డీసీ ఆగలేకపోయింది. లూనార్ అనే కొత్త సంస్థ ద్వారా పంపిణీ మొదలుపెట్టి, ఆ జూన్‌లో డైమండ్‌తో తెగతెంపులు చేసుకుంది. అప్పుడే తన పుస్తకాలను మంగళవారానికి కూడా మార్చింది. మా కొట్లో వారానికి రెండు పండగలు. మళ్ళీ బుధవారానికి వచ్చింది 2024 జులైలో. 2021 అక్టోబరులో మార్వెల్ పంపిణీ కోసం పెంగ్విన్ రాండమ్ హౌస్ అనే పెద్ద పుస్తకాల సంస్థకు మారింది. డార్క్ హార్స్, ఐడీడబ్ల్యూ అనే మరో ప్రచురణ సంస్థ అటే వెళ్ళాయి, ఇమేజ్ లూనార్‌కు వెళ్ళింది. పెద్ద చేపలన్నీ వెళ్ళిపోయిన చెరువులో చిన్నవి మిగిలాయి.

2025 జనవరి 14న డైమండ్ దివాలా పిటిషన్ వేసింది.

దివాలా అంటే అప్పులవాళ్ళ గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. ఇందులో నన్ను బాగా బాధపెట్టిన సంగతి ఒకటుంది. చాలామంది చిన్న ప్రచురణకర్తలు తమ పుస్తకాలను డైమండ్ గిడ్డంగిలో ఉంచేవారు. అమ్మలేదు, ఉంచారు. అమ్ముడైనప్పుడు డబ్బిచ్చే ఒప్పందం. మన ఊళ్ళో పొరుగువాళ్ళ కొట్టంలో ధాన్యం బస్తాలు దాచుకున్నట్టు. ఆ ఏడాది వేసవిలో, ఆ బస్తాలు కూడా అమ్మి అప్పు తీర్చుకోనివ్వండని డైమండ్ కోర్టును అడిగింది. వందకు పైగా ప్రచురణకర్తల సరుకు అది. ఇద్దరు ముగ్గురు మనుషులు ఒక గదిలో కూర్చుని నడిపే సంస్థలు వాటిలో ఎన్నో. వాళ్ళకు అప్పటికే అమ్మిన పుస్తకాల డబ్బు రావాలి, ఇప్పుడు అమ్మని పుస్తకాల కోసం లాయర్లను పెట్టుకోవాలి. మూలిగే నక్క మీద తాటిపండు. సూపర్‌హీరో కథల్లో ఊరిని కాపాడేవాడు చివరి పేజీలోనైనా వస్తాడు. ఆ కోర్టు కాగితాలు చదువుతుంటే చివరి పేజీ ఎక్కడా కనిపించలేదు.

మా కొట్టాయనకు దీనివల్ల ఏమైంది? ఒకప్పుడు ఒకే సంస్థ నుంచి ఒకే లారీ, ఒకే బిల్లు. ఇప్పుడు వేర్వేరు సంస్థలు, వేర్వేరు గడువులు, రవాణా ఖర్చులు, మూల నలిగిన పుస్తకం వస్తే పరిహారం అడగడానికి వేర్వేరు పద్ధతులు. మంగళవారం సాయంత్రం పెట్టెలు విప్పుతూ ఒక్కో పుస్తకం వెన్ను మీద బొటనవేలు ఆనించి చూస్తాడు, మడత పడిందేమోనని. బాగున్నవి ప్లాస్టిక్ తొడుగులో వేసి, వెనక అట్టముక్క పెట్టి, పేరు రాసిన ఫోల్డర్లలో సర్దుతాడు. నా పేరు మీద కూడా ఒక ఫోల్డరుంది. పుల్ లిస్ట్ అంటారు దాన్ని. ఆ లిస్టులో నేను రాసిన ప్రతి పేరూ ఆయన అంకెలో ఒకటి.

ఇంత చీకటి కబురు చెప్పాక వెలుగు కబురు కూడా చెప్పాలి. ఇన్ని తుఫానుల మధ్య కొట్లను నిలబెట్టింది మంచి కథలే. 2024 జనవరిలో జొనాథన్ హిక్‌మన్ రాయగా మార్కో కెకెట్టో గీసిన కొత్త అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ వచ్చింది. ఇందులో స్పైడర్‌మ్యాన్ అయ్యే పీటర్ కుర్రాడు కాదు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలున్నారు, జీవితంలో ఏదో తప్పిపోయిందన్న వెలితితో ఉంటాడు, అప్పుడు శక్తి వస్తుంది. నలభైలకు దగ్గరపడ్డ నాలాంటి పాఠకుడు ఆ మొదటి సంచిక ముగించి అట్ట మూయలేడు. ఆ అల్టిమేట్ పేరుతో వచ్చే వరసలన్నిటినీ 2026 ఏప్రిల్‌తో ముగిస్తామని మార్వెల్ ప్రకటించింది. బాగా అమ్ముతున్న వరసను కథ అయిపోయిందని ఆపడం ఈ వ్యాపారంలో అరుదు. నాకు దిగులుగా ఉంది, గౌరవంగానూ ఉంది.

అదే ఏడాది అక్టోబరులో డీసీ నుంచి అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ వచ్చింది. స్కాట్ స్నైడర్ రచన, నిక్ డ్రాగోటా బొమ్మలు. ఇందులో బ్యాట్‌మ్యాన్ అయ్యే బ్రూస్ వేన్‌కు మేడ లేదు, డబ్బు లేదు. తండ్రి బడిపంతులు. తల్లి బతికే ఉంది. నగరపాలనలో ఇంజినీరుగా పని చేస్తాడు. ఛాతీ మీది గబ్బిలం గుర్తు ఊడదీసి గొడ్డలిలా వాడతాడు. ఎనభై ఐదేళ్ళుగా ధనవంతుడి కథగా ఉన్నదాన్ని కూలివాడల కథగా తిప్పారు. మొదటి సంచికను మళ్ళీ మళ్ళీ అచ్చు వేయాల్సి వచ్చింది. కెల్లీ థాంప్సన్, హేడెన్ షర్మన్‌ల అబ్సల్యూట్ వండర్ వుమన్ 2025లో ఉత్తమ కొత్త వరసగా కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ పురస్కారం తీసుకుంది. నరకంలో పెరిగిన పిల్ల అంత దయగా ఎలా ఉండగలదో ఆ బొమ్మల్లో చూడాలి.

ఇక్కడున్న మనం ఆ కొట్లకు దూరం. మనకు ఎక్కువగా దొరికేవి ఐదారు సంచికలు కలిపి కుట్టిన సంపుటాలు. కానీ ‘తరువాయి వచ్చే సంచికలో’ అన్న మాట దగ్గర ఆగి, నెలంతా ఎదురుచూడటం చందమామ చదివిన ఇళ్ళకు కొత్తగా నేర్పక్కర్లేదు. మా అమ్మ పోస్టుమ్యాన్ సైకిల్ గంట కోసం గుమ్మంలో నిలబడేది. బుధవారం సాయంత్రం కొట్టు తలుపు తోస్తే పైన గంట మోగినప్పుడు నాకు అదే గుర్తొస్తుంది. చందా కట్టి తెప్పించుకోవడం కూడా అదే పని. పుస్తకం రాకముందే దాని మీద నమ్మకం పెట్టడం.

ప్రయాణానికి ముందు కొట్టుకు వెళ్ళాను. సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ పుస్తకం జాబితాలోకి వచ్చింది. ఆయన రూళ్ళ పుస్తకం తెరిచి, ఈసారి తలెత్తకుండానే అడిగాడు. మూడు అన్నాను. ఒకటి నాకు, ఒకటి ఇక్కడి గ్రంథాలయానికి. మూడోది ఇందాక చెప్పిన సాలీడు చొక్కా వయసున్న మా అన్నయ్య కొడుక్కి, వాడికి ఇంకా చెప్పలేదు. పెన్సిల్‌తో ఆయన మూడు గీతలు గీశాడు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు వరసతో మొదలుపెడదాం.