యూనిఫాం కాదప్పా, మూడో రౌండు చూడు!

ఏమప్పా, అందరి ఫోన్లలో తిరుగుతాండే ఆ రీల్ చూసినారు గదా? ఏసీ హాల్లో లైట్లన్నీ ఆర్పేసి, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే పిల్లోళ్లను కళ్లు మూసుకోమని, "నీ ఒంటి మీద యూనిఫాం ఉంది, ఊరంతా దండలేస్తాంది, మీ అమ్మ ఏడుస్తాంది, చూడు, చూడు" అని మైకులో ఊదరగొట్టే సారు! సగం మంది నిజంగానే ఏడ్చేసినారు. బయటికొస్తే టేబుల్ మీద క్యూఆర్ కోడ్. తర్వాతి క్లాసుకు ఫీజు.

నేను ఒకటే చెప్తా. గెలిచినట్టు ఊహించుకోవద్దు. చెడినట్టు ఊహించుకోండి! తిట్టుకుంటారా, తిట్టుకోండి. మళ్లీ చెప్తా, చెడినట్టు ఊహించుకోండి!

ఈ సార్లు నోరు తెరిస్తే అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ పేరే. "మెడల్ ఊహించుకున్నాడు, మెడల్ వచ్చింది." అంతేనా సామీ? మిగతా కథ ఎవరు చెప్తారు? కోచ్ బాబ్ బోమన్ అతనికి పెట్టిన పని "వీడియో టేపు వేసుకో" అని. రాత్రి పడుకునే ముందు, పొద్దున లేవగానే, దూకే కాడి నుంచి గోడ ముట్టే దాకా రేసంతా మనసులో ఆడించుకోవాల. ఆ టేపులో సాఫీగా సాగే రేసులే కాదు, తిరగబడే రేసులూ ఉండాయి. బోమన్ ఎంత మొండోడంటే, ఒకసారి పోటీకి ముందు శిష్యుడి ఈత కళ్లద్దాలు కావాలనే కాలితో తొక్కి పగలగొట్టినాడు. ఈదు, చూస్తా అని!

ఇప్పుడు 2008 ఆగస్టు 13కి రండి. బీజింగ్ ఒలింపిక్స్, 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈత. దూకినాడు, కళ్లద్దాల్లోకి నీళ్లు. చివరికొచ్చేసరికి గోడ యాడుందో కనపడదు. మనమైతే ఆడే ఆగి చెయ్యెత్తుతాం. ఆయన చేతులేసే లెక్క పెట్టుకుంటా పోయి గోడ ముట్టినాడు. కళ్లద్దాలు పీకి బోర్డు చూస్తే 1 నిమిషం 52.03 సెకన్లు, ప్రపంచ రికార్డు! మెడల్ ఒక్కటే ఊహించుకున్నోడైతే ఆ నీళ్లలో ఏం చేసుండేటోడు? చెప్పండి!

తీపి కలలతో ఇంకో తంటా ఉండాది. గాబ్రియేల్ ఓటింగెన్ అనే జర్మన్ సైకాలజిస్టు, ఆమె తోటి పరిశోధకురాలు 2011లో అచ్చేసిన ప్రయోగాల్లో, అంతా బాగా అయిపోయినట్టు ఊహించుకున్నోళ్ల పైబీపీ తగ్గింది. ఒంట్లో ఊపు దిగిపోయిందన్నమాట. పని అయిపోయింది గదా, ఇంక లేచేదెందుకు అని ఒళ్లు అనుకుంటాది! అమెరికాలో కాలేజీ పిల్లోళ్ల మీద చేసి 1999లో అచ్చేసిన ఇంకో ప్రయోగంలో పరీక్షకు ఎట్ల కూర్చుని చదవాలో ఊహించుకున్నోళ్లు బాగుపడినారు. మంచి మార్కులు మాత్రమే ఊహించుకున్నోళ్లకు ఆ లాభం లేదు. సారూ, ఇది మీ స్లైడ్లలో ఏదీ?

సరే, మన అనంతపురానికి వద్దాం. పొద్దున ఐదింటికి పీటీసీ, అదే పోలీసు ట్రైనింగ్ కాలేజీ, గ్రౌండుకు పోండి. కానిస్టేబుల్ పరుగు పరీక్ష 1600 మీటర్లు, మగపిల్లోళ్లకు 8 నిమిషాలు. మొదటి రౌండులో అందరూ గుర్రాలే. అసలు పరీక్ష మూడో రౌండులో. డొక్కలో పోటు, నోరు ఎండిపోయింది, పక్కనోడు మోచేత్తో నెట్టి ముందుకు పాయె, లేసు ఊడింది. నువ్వు చూడాల్సింది అదిరా నాయనా! ఆ పొద్దు ఊపిరి ఎట్ల వదుల్తావ్? లేసు కట్టుకుంటావా, అట్లే పోతావా? ముందే తేల్చుకో. మంచం మీద పండుకుని కాదు, షూ వేసుకుని, ఆ గ్రౌండులోనే నిలబడి. 8 నిమిషాల పరుగును మనసులో కూడా 8 నిమిషాలు పరిగెత్తాల. రెండు నిమిషాల్లో ముగించేస్తే అది ట్రైలర్! ఇట్ల చూసుకున్నోడికి డొక్కలో పోటొస్తే భయం రాదు, "వచ్చినావా, రా" అంటాడు. ధైర్యమంటే అదే. ఆ తర్వాత నిజంగా పరిగెత్తాల, అది వేరే చెప్పాల్నా?

ఇంక నా సొంత థియరీ. నవ్వుకోండి, పర్లేదు. బయట్నుంచి వచ్చే ఈ సార్లు సీమోళ్లను "మీరు మరీ నెగటివ్ అండీ" అంటారు. మా తాత శెనక్కాయ చేన్లో కంది సాళ్లు ఎందుకు పెట్టేటోడు? ఊడలు దిగే పొద్దుకు వాన మొహం చాటేసినట్టు, చేను ఎండినట్టు విత్తనం వేసే రోజే మనసులో చూసేసినాడు కాబట్టి! శెనక్కాయ పోతే కంది అన్నా నిలబడాల. అవ్వేమో "అపశకునం పలకొద్దు" అని కసిరేది. ఆయన పలకడు, సాలు మాత్రం పెడతాడు. బోమన్ టేపు గురించి ప్రపంచం మాట్లాడకముందే కరువు మాకు నేర్పిన విద్య ఇది. దీన్ని నెగటివ్ అంటారా? మీ నోట్లో మన్ను... వద్దులే, వీడియో ఎగిరిపోతాది.

కింద కామెంట్లో రాయండప్పా, 1600లో మీ కాళ్లు ఏ రౌండులో పట్టేస్తాయో, అప్పుడు మీరేం చేస్తారో. ఆ సారు కూడా రాయొచ్చు. పరిగెత్తినట్టు ఊహించుకుని రాసినా సరే.