మిస్సింగ్ ఎప్పుడు వస్తుందో ముందు పట్టుకోండి

అందరికీ నమస్కారం.

దారి పొడుగునా జర్కులు కొట్టిన బండి, షెడ్డు గేటు దాటగానే బుద్ధిగా నడుస్తుంది. మెకానిక్ బానెట్ ఎత్తి, రెండుసార్లు రేజ్ చేసి, "బాగానే ఉంది కదండీ" అంటాడు. మీలో కొందరు నవ్వుతున్నారంటే మీకూ జరిగిందన్నమాట. ఎప్పుడూ మిస్ అయ్యే, అంటే సిలిండర్‌లో మంట అంటుకోవడం తప్పే ఇంజన్‌ని బాగుచేయడం తేలికే. అప్పుడప్పుడూ మిస్ అయ్యేదే ఏడిపిస్తుంది.

నాలుగు సిలిండర్ల ఇంజన్ ఐడిల్‌లో 800 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే నిమిషానికి 1600 సార్లు లోపల మంట అంటుకోవాలి. అందులో నాలుగైదు తప్పినా స్టీరింగ్ మీదున్న చేతికి తెలిసిపోతుంది. మంటకి స్పార్క్ కావాలి, పెట్రోలూ గాలీ సరైన పాళ్లలో కావాలి, సిలిండర్‌లో కంప్రెషన్, అంటే ఆ మిశ్రమాన్ని నొక్కిపెట్టే ఒత్తిడి, ఉండాలి. వీటిలో ఏది తప్పుతోందో చాలాసార్లు మిస్ అయ్యే సందర్భమే చెప్పేస్తుంది. కాబట్టి స్పార్క్ ప్లగ్గులు కొనేముందు ఒక చిన్న నోటుబుక్కు కొనండి. ఇంజన్ చల్లగా ఉందా, వేడిగానా? ఐడిల్‌లోనా, లోడ్ మీదా? వాన పడిందా? ట్యాంకులో పెట్రోలు ఎంత? వారం రోజులు రాస్తే చాలు.

ఎత్తెక్కేటప్పుడు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే మిస్ అవుతోందా? ముందు స్పార్క్‌ని అనుమానించండి. లోడ్ పెరిగితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో స్పార్క్ దూకాలంటే ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్, ప్లగ్‌కి వోల్టేజీ పెంచి పంపే కాయిల్ నీరసించినా, ఐడిల్‌లో నెట్టుకొస్తాయి, ఇక్కడ చేతులెత్తేస్తాయి. ఐడిల్‌లో కొట్టుకుంటూ స్పీడులో సర్దుకుంటే మాత్రం ఎండి పగిలిన వాక్యూమ్ పైపులు చూడాలి. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ, అందులో దొంగగాలి కొంచెం కలిసినా పాళ్లు చెడిపోతాయి. పొద్దున్నే మొదటి నిమిషమే మిస్ అయి, కూలంట్ కూడా కొద్దికొద్దిగా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) దాకా ఆలోచించక తప్పదు. అరగంట నడిచాక మొదలై, చల్లారితే పోయేదాంట్లో కాయిల్ మీద నాకు అనుమానం ఎక్కువ.

వాన సంగతి నా సొంత బండే నేర్పింది. తడి వాతావరణంలోనే మిస్ అయ్యేది. నేను పట్టించుకోకుండా ప్లగ్గులు మార్చాను, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేయించాను. ఎండాకాలమంతా బాగుంది, నా తెలివికి నేనే మురిసిపోయాను. తొలి వానకి మళ్లీ మొదలైంది. చివరికి ఒక రాత్రి లైట్లార్పి, ఇంజన్ స్టార్ట్ చేసి, ప్లగ్ వైర్ల మీద స్ప్రే బాటిల్‌తో మంచులా కొద్దిగా నీళ్లు కొట్టాను. మూడో వైరు మీద నుంచి ఇంజన్ బ్లాక్‌కి నీలంగా చిటపటలాడింది. ఇంత చేస్తే దొంగ ఒక్క వైరు! ఈ పరీక్ష చేసేవాళ్లు చేతులు దూరంగా పెట్టుకోండి, అక్కడుండేది వేల వోల్టులు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు దగ్గరికే రావద్దు.

బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టే వీలున్న బండి అయితే పని తగ్గుతుంది. పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్ అవుతోందని. అంతే, ఎందుకో చెప్పదు. కోడ్ చూడగానే కాయిల్ కొనేయకండి. ప్రతి సిలిండర్‌కీ విడి కాయిల్ ఉంటే రెండోదీ మూడోదీ అటూ ఇటూ మార్చి, కోడ్ చెరిపేసి నడపండి. పీ0303 వస్తే తప్పు కాయిల్‌తో పాటు కదిలిందన్నమాట. రెండులోనే ఉండిపోతే ప్లగ్ మార్చి చూడండి, తర్వాత ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కనెక్టర్లనీ ఎర్త్ వైర్లనీ కూడా కదిపి చూడండి, పాత బండ్లలో తుప్పు పట్టిన ఎర్త్ చేసే అల్లరి ఇంతా అంతా కాదు.

చెక్ ఇంజన్ లైటు మినుకు మినుకుమంటుంటే మాత్రం నోటుబుక్కు పక్కన పెట్టి బండి ఆపండి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి వెళ్లి పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది.

చల్లటి ఇంజన్ మీద వచ్చే మిస్సింగ్ అయితే, పొద్దున్నే షెడ్డుకి నడుపుకుంటూ వెళ్లకండి. దారిలోనే వేడెక్కి మంచిదైపోతుంది. ముందు రోజు రాత్రే అక్కడ వదిలేసి, పొద్దున మెకానిక్‌నే మొదటి స్టార్ట్ చెయ్యమనండి.