పీసీఆర్ ప్యానెల్ నెగెటివ్ అంటే ఇన్ఫెక్షన్ లేదని కాదు

ఉద్దానం వైపు నుంచి విశాఖకి చెకప్‌కి వచ్చిన కిడ్నీ మార్పిడి పేషెంట్ అనుకోండి. నాలుగు రోజులుగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. జ్వరం 99 దాటలేదు, ఎక్స్‌రే కూడా బాగానే ఉంది. డ్యూటీ డాక్టర్లూ, ఇక్కడ ధీమా పడకండి. పెట్టిన కిడ్నీని శరీరం తోసిపుచ్చకుండా రోగనిరోధక శక్తిని అణిచే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ పడే ఒంట్లో జ్వరం అణిగిపోవచ్చు. వేలికి ఆక్సిమీటర్ పెట్టి వార్డులో ఒక నిమిషం నడిపించండి. కూర్చున్నప్పుడు 97 ఉన్నది నడిచాక 90కి జారిందంటే ఆ రోజే సీటీ తీయాలి.

సీటీలో పొగమంచులాంటి నీడలు కనిపిస్తే బ్రాంకోస్కోపీ, అంటే ఊపిరితిత్తుల్లోకి సన్నని గొట్టం పంపి చేసే పరీక్ష. ఆ భాగానికి వెళ్లే నాళంలో గొట్టాన్ని బిగించి, మొత్తం 100 నుంచి 300 ఎం.ఎల్. సెలైన్ విడతలుగా వదిలి వెనక్కి లాగుతారు. వదిలిందాంట్లో 30 శాతమైనా తిరిగొస్తేనే మంచి శాంపిల్. యాంటీబయాటిక్ మొదటి డోసుకి ముందే తీయగలిగితే మేలు. మనిషి దిగజారిపోతుంటే మాత్రం మందు ఆపొద్దు.

ఒకే శాంపిల్లో చాలా క్రిములను ఒకేసారి వెతికే మల్టిప్లెక్స్ పీసీఆర్ ప్యానెల్ గంట, గంటన్నరలో ఫలితం ఇస్తుంది. అసలు చిక్కు ఇక్కడే! చాలా ప్యానెళ్లలో టీబీ ఉండదు, న్యుమోసిస్టిస్ ఫంగస్ ఉండదు, ఆస్పర్జిల్లస్ ఫంగస్ ఉండదు. జాబితాలో లేనిదాన్ని మెషీన్ ఎలా పట్టుకుంటుంది? అందుకే తీసిన నీటిని మొదటి రోజే పంచండి. ఒక ట్యూబు జీన్‌ఎక్స్‌పర్ట్‌కి. రెండు గంటల్లోపే టీబీ ఉందో లేదో, దాని మీద టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. ఒకటి న్యుమోసిస్టిస్ పీసీఆర్‌కి, ఒకటి ఆస్పర్జిల్లస్ జాడ పట్టే గెలాక్టోమానన్‌కి, ఒకటి కల్చర్‌కి. ఫంగస్ కోసం మైక్రోస్కోపులో చూసే కేఓహెచ్ స్లైడ్ మరవకండి. మ్యూకర్ ఫంగస్ గెలాక్టోమానన్‌లో దొరకదు, స్లైడ్ మీద వెడల్పాటి పోగులుగా కనిపిస్తుంది. ఊపిరితిత్తుల నీటిలో సీఎంవీ (సైటోమెగలోవైరస్) పాజిటివ్ వస్తే అదొక్కటే చూసి జబ్బు తేల్చలేం, రక్తంలో వైరల్ లోడ్ కూడా కావాలి.

ఫారం మీద ‘మార్పిడి పేషెంట్, నొకార్డియా అనుమానం’ అని రాయండి. నొకార్డియా బ్యాక్టీరియా మెల్లగా పెరుగుతుంది. చెప్పకపోతే రెండు మూడు రోజులకే కల్చర్ ప్లేట్లు పారేస్తారు. వానాకాలం, వరి మళ్లలో పని అంటే మెలియాయిడోసిస్ అనే మట్టి బ్యాక్టీరియా జబ్బు పేరు కూడా రాయాలి. ఆ బ్యాక్టీరియాను సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా అనుకుని పొరబడటం ల్యాబుల్లో మామూలే.

రిపోర్టు రాగానే టాక్రోలిమస్ సంగతి చూడాలి. ఫంగస్ మందు వోరికోనజోల్ మొదలుపెడితే రక్తంలో టాక్రోలిమస్ లెవల్ ఎగబాకుతుంది, టాక్రోలిమస్ డోసు మూడో వంతుకి తగ్గించాల్సి వస్తుంది. రిఫాంపిసిన్‌తో లెవల్ పడిపోయి, పెట్టిన కిడ్నీనే శరీరం తోసిపుచ్చే ప్రమాదం ఉంది. జీన్‌ఎక్స్‌పర్ట్ పాజిటివ్ అని ల్యాబు నుంచి ఫోన్ వస్తే, మొదటి మాత్ర వేయడానికి ముందే నెఫ్రాలజిస్టుకి ఫోన్ చేయండి.